దించాక కలిపే ఆవ

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇళ్లలో అరటికాయ కూర పొయ్యి దిగినా వంట అయిపోయినట్టు కాదు. ముక్కలు ఉడికి, చింతపండు పులుసు ఇగిరి, ఇంగువ పోపు పడ్డాక గిన్నె కింద పెడతారు. పక్కనే చిన్న గిన్నెలో ఆవముద్ద సిద్ధంగా ఉంటుంది. పొద్దున్న రెండు చెంచాల ఆవాలు నానబెట్టి, ఎండుమిరపకాయలు, ఉప్పు చేర్చి మెత్తగా నూరి ఉంచినది. కూర మీద పొగలు తగ్గేదాకా ఆగి, అప్పుడు ఆ ముద్ద వేసి అడుగు నుంచి కలిపి మూత పెడతారు. భోజనానికి కూర్చున్నాక మొదటి ముద్దకే ఘాటు ముక్కులోంచి నడినెత్తికి ఎక్కుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఊరు వదిలి ముప్పై ఏళ్లయినవాళ్లకి ఎక్కడో పరాయి ఊరి పెళ్లి భోజనంలో ఈ కూర తగిలితే ఆ కళ్లనీళ్ల మధ్య పాత వంటిల్లు కనిపిస్తుంది. గూట్లో దీపం, గోడకి చేరవేసిన పీట, విస్తరి ముందు వంగిన మామ్మ చెయ్యి అన్నీ ఒక్కసారే వస్తాయి. ఇది ఎందుకు జరుగుతుందో చాలావరకు వివరంగా చెప్పవచ్చు, ఆ వివరణ కూడా వంటింట్లోంచే మొదలుపెట్టవచ్చు.

ఆవగింజను నమలకుండా మింగితే ఘాటేమీ ఉండదు. గింజలో సినిగ్రిన్ అనే పదార్థం ఒకచోట, మైరోసినేజ్ అనే ఎంజైమ్ మరోచోట విడివిడిగా ఉంటాయి. గింజ నలిగి నీళ్లు తగిలితేనే ఆ రెండూ కలుస్తాయి, అప్పుడు అల్లైల్ ఐసోథయోసయనేట్ అనే ఘాటైన నూనె పుడుతుంది. అది తేలిగ్గా ఆవిరయ్యే రకం కాబట్టి నోట్లోంచి వెనకదారిన ముక్కులోకి చేరుతుంది. పొయ్యి మీద మరుగుతున్న కూరలో ఆవముద్ద వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, అప్పటికే పుట్టిన నూనె ఎగిరిపోతుంది, కూర చేదెక్కుతుంది. పోపులో చిటపటలాడిన ఆవాలు పంటికింద ఎన్ని పడినా నెత్తికెక్కకపోవడానికి కారణం కూడా వేడే. దించాక కలపాలన్న నియమాన్ని ఈ పేర్లేవీ తెలియని ఆడవాళ్లు ఎన్నో తరాలుగా పాటిస్తున్నారు. కంద బచ్చలికైనా, పనసపొట్టుకైనా, అరటి దూటకైనా పద్ధతి ఒకటే.

ఆవకాయ జాడీలో జరిగేదీ ఇదే, కాకపోతే నెమ్మదిగా. కలిపిన రోజు ఆవపిండి నూనె పట్టి పొడిపొడిగా ఉంటుంది. ఉప్పు మామిడి ముక్కల్లోంచి ఊట లాగుతుంది, ఆ ఊట తగిలాక ఆవ మేలుకుంటుంది. మూడో రోజు తిరగకలపడానికి మూత తీసినప్పుడు గది నిండా కమ్ముకునే వాసన మొదటి రోజు వాసన కాదు. ఎండాకాలం సెలవుల్లో పిల్లలు జాడీ చుట్టూ మూగేది ఈ మూడో రోజే. జాడీలోంచి తీసిన ఆవకాయలో వేడన్నం, నూనె వేసి పెద్దవాళ్లు ముద్దలు చేతిలో పెట్టిన రోజు కూడా అదే.

ఆవ ఘాటును పట్టేది నాలుక కాదు, ముఖానికి స్పర్శ, మంట, నొప్పి తెలియజేసే నాడి. కళ్లు చెమర్చేది అందుకే. ఆ ఘాటుతో కలిసి వచ్చే ఇంగువ, కరివేపాకు, ఉడికిన అరటికాయ కమ్మదనం మాత్రం ముక్కు పైభాగంలో వాసనలు పట్టే కణాలకి చేరతాయి. మనిషికి అలాంటి వాసన గ్రాహకాలు దాదాపు 400 రకాలు. వీటిని కనిపెట్టినందుకు రిచర్డ్ ఆక్సెల్, లిండా బక్ 2004లో నోబెల్ బహుమతి అందుకున్నారు. చూసిందీ విన్నదీ థాలమస్ అనే మజిలీలో ఆగి మెదడు పైపొరలకి వెళ్తుంది. వాసనకి ఆ మజిలీ అక్కర్లేదు. భయం, ప్రేమ, బెంగ లాంటివి పుట్టే అమిగ్డలాకీ, జ్ఞాపకాలు కట్టే హిప్పోక్యాంపస్‌కీ అది దగ్గరిదారిన చేరిపోతుంది. మాటతోనో బొమ్మతోనో గుర్తుచేస్తే మనుషులు ఎక్కువగా చదువుకునే రోజుల సంగతులు, తొలి ఉద్యోగం నాటి సంగతులు చెబుతారు. వాసన చూపించి అడిగితే పదేళ్లలోపు సంగతులు బయటికొస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాల్లో గమనించారు. పదేళ్లలోపు అంటే వంటింటి గడప దగ్గర కూర్చుని, ఏం వండుతున్నారో అడగకుండానే తెలిసిపోయే వయసు.

ఈ జ్ఞాపకాలు ఎలాంటివో చెప్పడానికి తెలుగు వ్యాకరణం ఒక మంచి ఆధారం ఇస్తుంది. ఇంటి వంట గురించి చెప్పేటప్పుడు ఎవరైనా "మా అమ్మ అరటికాయలో ఆవ పెట్టేది" అంటారు, "పెట్టింది" అనరు. శ్రీకాకుళం యాసలో "పెట్టీది", "సేసీది", "వొండీది". పెళ్లి విందు గురించైతే "ఆ పెళ్లిలో బూరెలు వేశారు" అని ముగిసిపోయిన క్రియతో చెబుతారు. విందుకి తేదీ ఉంటుంది, రోజూ తిన్న కూరకి ఉండదు. వందలసార్లు తిన్న కూర వంద జ్ఞాపకాలుగా నిలవదు, అన్నీ ఒకదానిమీద ఒకటి పేరుకుని ఒకే గట్టి పొరగా మిగులుతాయి. అందులో ఏ రోజుకి ఆ రోజు గుర్తుండదు గానీ వెలుతురు ఎటునుంచి పడేదో, ఎవరు ఎక్కడ కూర్చునేవారో, మొదట ఎవరికి వడ్డించేవారో గుర్తుంటుంది. "చేసేది" అన్న మాటలో ఆ మనిషి ఇప్పుడు చేయడం లేదన్న సంగతి కూడా ఉంది. బహుశా అందుకే ఆ మాట అనేటప్పుడు గొంతు కొంచెం తగ్గుతుంది.

ఉత్తరాంధ్ర వంటల గురించి రాసేవాళ్లు అరిసెలు, పాకుండలు, గవ్వల దగ్గర ఆగిపోవడం అందుకే లోటుగా అనిపిస్తుంది. అవి గొప్ప వంటకాలే. కానీ ఈ ప్రాంతపు నాలుక తయారయ్యింది పండగ పూట కాదు, ఏ ప్రత్యేకతా లేని రోజున అన్నంలో కలుపుకున్న ఆనపకాయ కూరతో. ఆనపకాయ అన్న మాటే ఇంటిది. బజారు బోర్డు మీద సొరకాయ అని రాసి ఉన్నా కొనేవాళ్ల నోట్లో ఆనపకాయే. పొడిని గుండ అంటారు. నువ్వుగుండ, కందిగుండ, ఉలవగుండ. గింజ పిక్క అవుతుంది. జీడిపిక్క, పనసపిక్క. ఊరు దాటినవాళ్లు మాట్లాడే తీరు ఎంత మారినా, కూర పేరు దగ్గరకొచ్చేసరికి పాత మాటే వస్తుంది. వేరే మాటతో పిలిస్తే అది వేరే కూరైపోతుంది.

నువ్వుగుండ సంగతి కొంచెం దగ్గరగా చూడాలి. పచ్చి నువ్వులు ముక్కు దగ్గర పెట్టుకుంటే చెప్పుకోదగ్గ వాసన ఉండదు. నూనె లేని మూకుట్లో సన్నసెగ మీద వేస్తే మొదట తడి పోతుంది, తర్వాత ఒకటీ అరా ఎగురుతాయి, రంగు తిరుగుతుండగా గింజలోని మాంసకృత్తులూ చక్కెరలూ వేడికి కలిసి కొత్త వాసనలు పుడతాయి. వేరుశెనగ వేగినా, రొట్టె కాలినా వచ్చే కమ్మదనం ఈ జాతిదే. అక్కడ పది లెక్కపెట్టేంత సేపు పరాకుగా ఉంటే చేదు. దించి, చల్లారాక, ఎండుమిరపకాయలతో ఉప్పుతో దంచి, ఉడికిన ఆనపకాయ ముక్కల మీద చల్లి కలుపుతారు. నువ్వులో సగం దాకా నూనే. గుండ కొట్టాక ఆ నూనెకి గాలి తగులుతుంది, కొద్ది రోజుల్లో వాసన మారుతుంది. ఏ పూటకి ఆ పూట దంచుకోవడం వెనక ఉన్న కారణం ఇదే. ప్యాకెట్లో వచ్చే నువ్వుల పొడితో కూర చేసి "అమ్మ చేసినట్టు రాలేదు" అని బాధపడేవాళ్లు తమ చెయ్యి మంచిది కాదనుకుంటారు. చేతిలో లోపం లేదు, వేయించిన వాసన ప్యాకెట్లోనే సగం పోయింది. నువ్వు ఈ జిల్లాల మెట్ట పంట. పక్కనే ఎలమంచిలి వ్యవసాయ పరిశోధన స్థానం నువ్వు రకాలకే పేరుపడింది. నేలలో పండిన గింజ కూరలోకి వచ్చింది, అంతకు మించి చెప్పుకోవలసిన రహస్యం లేదు.

గోంగూరకీ ఇలాంటి నేల సంబంధమే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగును నార కోసం విరివిగా వేసేవారు, నెల్లిమర్ల లాంటి చోట్ల జనపనార మిల్లులు వెలిసింది ఆ పంట వల్లే. నార కోసం పెంచిన చేలో లేత ఆకు కూరకి దొరికేది. మిల్లుకు వెళ్లే పంట, కంచంలోకి వచ్చే ఆకు రెండూ ఒకే చేనువి.

బెల్లం గురించి మిగతా తెలుగు ప్రాంతాలవాళ్లు అడిగే ప్రశ్న అందరికీ తెలుసు. పులుసులో, పప్పులో, గుమ్మడికాయ కూరలో, ఆఖరికి ఆవకాయలో కూడా బెల్లమేమిటని. పక్క జిల్లా అనకాపల్లిలో పెద్ద బెల్లం మార్కెట్టు ఉంది, ఇక్కడి చేలల్లో చెరకు ఉంది. తీపి తగిలితే పులుపు కోత తగ్గుతుంది, చేదు అణుగుతుంది, ఆవకీ నువ్వుకీ ఉన్న చిరుచేదుకి ఆ తోడు కావాలి. చిన్నప్పుడు ఆ తీపి అలవాటైన నాలుకకి బెల్లం లేని పులుసు ఎప్పటికీ సగం పులుసే.

ఇంతవరకు చెప్పినవన్నీ కమ్మని జ్ఞాపకాలు. పొద్దుటి కుండ దగ్గరకొచ్చేసరికి కథ అంత తేలిక కాదు.

రాగుల్ని ఇక్కడ చోళ్లంటారు, సజ్జల్ని గంటెలంటారు. చోడిపిండిని ముందురోజు నీళ్లలో కలిపి పులియనిచ్చి, నూకలు ఉడికించిన ఎసట్లో ఆ పిండినీళ్లు పోసి తెడ్డుతో కలుపుతూ కాస్తే అంబలి. చల్లారాక మజ్జిగ, ఉప్పు వేసి, ఉల్లిపాయ కొరుక్కుంటూ, పచ్చిమిరపకాయ నంజుకుంటూ తాగుతారు. పొలం పనికి వెళ్లేవాళ్లు సొరబుర్రలోనో కేనులోనో పోసుకుని గట్టు మీద చెట్టునీడన పెట్టుకునేవారు. ఎండ ముదిరేవేళ కడుపు చల్లగా ఉంచేది అదే. ఆచారాలు పాటించే ఇళ్లలో ఇంకో కుండ ఉండేది, తరవాణి కుండ. గంజీ, బియ్యం కడుగునీళ్లూ పోస్తూ, దబ్బాకులు వేసి పులియబెట్టిన ఆ నీళ్లలో అన్నం వేసి, పొద్దున్న పిల్లలకి ఆవకాయ బద్దతో పెట్టేవారు. రెండు కుండల్లోనూ పని చేసింది పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే. పిండిపదార్థాన్ని తిని లాక్టిక్ ఆమ్లం చేస్తాయి, ఆ పులుపు వల్ల చెడ్డ క్రిములు పెరగవు, ఎండాకాలంలో కూడా తిండి పాడవదు. పొద్దున్న మూత తీసినప్పుడు వచ్చే ఆ పుల్లటి చల్లని వాసన ఒకటే. ఒక ఇంట్లో దాన్ని చలవ అన్నారు, ఇంకో ఇంట్లో అది లేమికి గుర్తు.

ఈ తేడాని దాటేసి అంబలి గురించి మురిపెంగా రాయడం న్యాయం కాదు. వరి పండని మెట్ట ఊళ్లలో, కొండవాలు ఊళ్లలో తెల్లన్నం పండక్కో చుట్టం వస్తేనో దొరికే రోజులుండేవి. 1983లో రెండు రూపాయలకి కిలో బియ్యం వచ్చాక పేదింటి కంచంలోకి వరన్నం రోజూ చేరింది. గంటె, సామ, చోడి చేలు తగ్గడానికి ఇది ఒక్కటే కారణం కాదు గానీ పెద్ద కారణం. తెల్లన్నం తినగలగడం అంటే గౌరవం దక్కడం. ఆ రోజుల్లో అంబలి వదిలేసిన ముసలమ్మని ఇప్పుడు మనవరాలు "మామ్మా, చోడంబలి చెయ్యవే" అని అడిగితే ఆవిడ ముఖంలో కనిపించేది సంతోషం ఒక్కటే కాదు. ఆవిడకి ఆ పులుపులో ఎండలో వంచిన నడుము, సాలని కూలి, పిల్లలకి పోశాక అడుగున మిగిలిన రెండు గరిటెలు కూడా ఉన్నాయి. మనవరాలికి అందులో ఆరోగ్యం ఉంది. అదీ అబద్ధం కాదు, వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 300 మిల్లీగ్రాములు దాటి ఉంటుంది, బియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే గొప్ప. 2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక అంబలి మళ్లీ పేపర్లకెక్కింది. ఎండలు మొదలవగానే విజయనగరం, శ్రీకాకుళం రోడ్ల పక్కన అంబలి బళ్లు వెలుస్తాయి, మోటారు సైకిళ్లు ఆగుతాయి. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం విడుదల చేసిన చోడి రకాల్లో ఒకదానికి ఇక్కడి ఏటి పేరే పెట్టారు, వేగావతి అని. పంట తిరిగి రావడం మంచిదే. అయితే ఒకే గ్లాసులోని అంబలి తాగేవాళ్లందరికీ ఒకే జ్ఞాపకం ఇవ్వదని తెలుసుకుని తాగితే ఆ ముసలమ్మకి కొంత మర్యాద దక్కుతుంది.

పొగ విషయంలోనూ ఇదే చిక్కు. కట్టెల పొయ్యి మీద వండిన పప్పు రుచే వేరు అంటారు. అందులో నిజం ఉంది. కట్టె కాలినప్పుడు అందులోని లిగ్నిన్ విడిపోయి పొగవాసన ఇచ్చే ఫినాల్ జాతి పదార్థాలు పుడతాయి, మూత తీసిన కుండలో అవి చేరతాయి. మట్టిదాకలో సెగ నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగుతుంది, పులుసు పొయ్యి ఆరిపోయాక కూడా కాసేపు కుతకుతమంటూనే ఉంటుంది. కానీ ఆ పొగలో ఊదుగొట్టం పట్టుకుని ఊదింది ఎవరు? కళ్లు ఎర్రబడి, దగ్గుతో రాత్రులు నిద్రలేనిది ఎవరికి? 1999లో దీపం పథకం కింద, 2016 నుంచి ఉజ్వల కింద గ్యాసు వచ్చాక ఈ జిల్లాల ఇళ్లలో కట్టెల పొయ్యిలు పెరట్లోకో దొడ్లోకో మారాయి. వంటలో ఒక వాసన తగ్గింది, వండే మనిషి ఊపిరి తేలికైంది. ఈ బేరంలో నష్టం లేదు. పొగ వాసన కావాలనుకునే రోజు ఏడాదిలో ఒకటి ఎలాగూ మిగిలింది. రథసప్తమినాడు పిడకల సెగ మీద పాలు పొంగించి పరమాన్నం వండి, చిక్కుడాకుల్లో సూర్యుడికి నైవేద్యం పెడతారు. అరసవల్లి ఇంద్రపుష్కరిణి గట్టున ఆ రోజు వరసగా రాజుకునే పిడకల పొగలో నిలబడితే చాలు, పరమాన్నం నోట్లో పెట్టుకోకముందే చిన్నతనం గుర్తొచ్చేస్తుంది.

వంటకాలు పోవడం అంటే చేసేవాళ్లు పోవడమే కాదు, చెట్లు పోవడం కూడా. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో ఉద్దానం అని పేరు తెచ్చుకున్న వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు ఊళ్లు తెల్లారేసరికి నేలకొరిగిన మొదళ్ల మధ్య ఉన్నాయి. నష్టం లెక్కల్లో చెట్టుకింత అని డబ్బు వేశారు. ఆ లెక్కలోకి రానివి వంటింట్లో ఉన్నాయి. పనసచెట్టు పెరట్లో ఉన్న ఇంట్లో లేతకాయ కోసి, చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, పాలు కారుతుండగా చెక్కు తీసి, కత్తితో కొట్టికొట్టి పొట్టు చేసి, ఉడికించి, ఆవ పెట్టి పొరుగింటికి ఒక గిన్నె పంపే అలవాటు ఉండేది. కాయ ముదిరాక తొనలు, తొనలు తిన్నాక పిక్కలు. ఆ పిక్కల్ని పొయ్యిలో కాల్చుకోవడం పిల్లల వంతు, చారులో వేయడం పెద్దల వంతు. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్లు కావాలి. పిక్క నుంచి మొలిచిన పనస అంతకంటే ఎక్కువ కాలం తీసుకుంటుంది. ఆ మధ్యలో ఎదిగిన పిల్లలకి పనసపొట్టు అంటే సంతలో కొనే సంచి. కొనుక్కుని చేసినా కూర అవుతుంది, కానీ చెట్టెక్కిన వేసవి ఆ కూరలో ఉండదు.

పలాసలో జీడి పని చేసే ఆడవాళ్ల జ్ఞాపకం ఇంకోరకం. బయటివాళ్లకి పలాస అంటే తెల్లటి పప్పు. పిక్క ఒలిచేవాళ్లకి చేతివేళ్ల మీద జీడిరసం మరకలు, వేయించే షెడ్డు సెగ. ఉద్దానం ఇళ్లలో జీడిపప్పు కూర అనేది పచ్చిపిక్కలు దొరికే ఎండాకాలంలో ఇంట్లో పిక్కలు చీల్చి వండుకునేది, బజారులో కొన్న గుండుపప్పుతో చేసేది కాదు.

ఈ రెండు జిల్లాల జ్ఞాపకాల్లో ఎక్కువ భాగం రైలెక్కి పోయినవే. భవన నిర్మాణ పనులకి చెన్నైకీ హైదరాబాదుకీ, ఇంకా దూరాలకీ వలస వెళ్లడం ఇక్కడ ఎప్పటినుంచో ఉన్నదే. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో జనరల్ పెట్టె ముందు నిలబడితే సంచుల్లో ఏముందో వాసనే చెబుతుంది. మూతి బిగించిన ఆవకాయ డబ్బా, నాలుగు కిలోల బియ్యం, కాగితంలో చుట్టిన ఎండు నెత్తళ్లు. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం లాంటి తీరపు ఊళ్ల మగవాళ్లు గుజరాత్‌లోని వీరావల్ వెళ్లి నెలల తరబడి పడవల మీద వేట చేస్తారు. 193 కిలోమీటర్ల తీరం ఉన్న జిల్లా నుంచి చేపల కోసం దేశానికి ఆ చివర దాకా పోవలసి రావడం సొంత రేవుల్లో వసతులు చాలకపోవడం వల్లే. అరేబియా సముద్రం మీద రోజంతా చేపల మధ్యే ఉన్నా, ఇంటి ఎండుచేప వేరు. వంకాయతో కలిపి ఇగురు పెట్టిన ఎండు నెత్తళ్ల వాసన ఇంటి ముంగిట ఆరబెట్టిన వల వాసనతో కలిసి వస్తుంది.

నగరంలో ఈ వాసనకే చోటు ఉండదు. అద్దె ఇంటి గుమ్మంలోనే "నీచు వండకూడదు" అన్న షరతు వినిపిస్తుంది. పైవాళ్లు, పక్కవాళ్లు కిటికీలు మూస్తారు. తన ఇంటి వాసన అవతలివాళ్లకి కంపు అయినప్పుడు మనిషి ముందు ఆ కూర మానేస్తాడు, తర్వాత పిల్లల దగ్గర దాని పేరెత్తడం మానేస్తాడు. ఆవకాయ మహానగరంలో కూడా గర్వంగా సీసాలో నిలబడగలిగింది, ఎండుచేప బాల్కనీలో మూడు సంచుల లోపల దాక్కోవలసి వచ్చింది. ఏ తిండి జ్ఞాపకాన్ని బయటికి చెప్పుకోవచ్చో, దేన్ని దాచుకోవాలో నిర్ణయించేది రుచి కాదు. కులం, డబ్బు, ఇల్లు అద్దెకిచ్చేవాడి ముక్కు కలిసి నిర్ణయిస్తాయి. తిండి గురించిన ముచ్చట్లలో ఈ సంగతి రాకపోతే ఆ ముచ్చట సగమే.

ఇక చెప్పవలసింది ఈ వంటలు చేతులు మారే తీరు గురించి. పుస్తకాల్లో కొలతలుంటాయి. ఇళ్లలో "కూరకి సరిపడ", "చెయ్యి చూసుకుని", "కాసేపు" ఉంటాయి. కొలత లేదని దీన్ని తప్పుపట్టేవాళ్లున్నారు గానీ, ఆవాల ఘాటు ఏటికేడు మారుతుంది, చింతపండు పాతదైతే పులుపు మారుతుంది, కాయ ముదురైతే నీరు తగ్గుతుంది. కాగితం మీది అంకె ఈ మార్పుల్ని పట్టుకోలేదు, ముక్కు పట్టుకుంటుంది. కాబట్టి ఇలాంటి వంట పక్కన నిలబడి నేర్చుకోవలసిందే, పక్కన నిలబడే వీలు వలసలతో పోయింది. ఆ ఖాళీని ఇప్పుడు ఫోను కొంతవరకు పూడుస్తోంది. ఆదివారం పదకొండు దాటాక ఉత్తరాంధ్ర నుంచి వెళ్లినవాళ్ల వంటిళ్లలో ఈ మాటలు ఎక్కడైనా వినవచ్చు.

"అమ్మా, ఆవాలు ఎన్ని వెయ్యాలి?"

"ఎన్నేటి, కూరకి సరిపడ."

"సరిపడ అంటే ఎంతే?"

"కాయలెన్ని కోసావు?"

"మూడు."

"అయితే నానబెట్టినవి అన్నీ నూరీ. మిక్సీలో ఎక్కువసేపు తిప్పకు, ఏడెక్కిపోద్ది. నీళ్లు చల్లుకుంటూ ఆపి ఆపి తిప్పు. పొయ్యి కట్టీసావా?"

"కట్టీసాను. వేసీమంటావా?"

"ఇప్పుడే వద్దు. గిన్నె దించీ. అంచు ముట్టుకుంటే చెయ్యి ఆగాల, అప్పుడెయ్యి."

ఫోను గట్టు మీద అలాగే ఉంటుంది. గిన్నె చల్లారేదాకా అక్కడ వానలు పడ్డాయో లేదో, పక్కింటావిడ మోకాళ్లు ఎలా ఉన్నాయో, పిల్లాడి పరీక్షలు ఎప్పుడో మాట్లాడుకుంటారు.